బెంగళూరు చెట్ల కింద అయిదు రోజులు

మొదటి రోజు, గురువారం

ఏ ఊరికి వెళ్లినా అక్కడి తోటను చూడకుండా తిరిగి రాకపోవడం నాకు ముప్పయి ఏళ్లుగా ఉన్న అలవాటు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని కాబట్టి, పేరు తెలుసుకోకుండా ఒక చెట్టు నీడలో కూర్చుంటే, పలకరించకుండా ఒకరింటి అరుగు మీద కూర్చున్నట్టు అనిపిస్తుంది. మాది అనంతపురం. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా మా ఉమ్మడి జిల్లాను చెబుతారు. అక్కడ మార్చి నెల మొదలైతే చాలు, బస్సు కోసం నిలబడిన మనిషి కళ్లు రోడ్డు కన్నా ముందు వేపచెట్టును వెతుకుతాయి. అలాంటి నేల మీదనే కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు అయిదెకరాల మేర ఊడలు దించుకుని నిలబడి ఉంది. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన ఆ మాను కింద చిన్నప్పుడు మా నాన్నగారు మమ్మల్ని కూర్చోబెట్టి బొరుగులు పంచిన రోజు నుంచి, చెట్టు అంటే దాని కింద మనుషులు కూర్చునే చోటు అనే భావం నాలో స్థిరపడిపోయింది.

బసవనగుడిలో మా అక్క ఉంటుంది. పెళ్లయి ఈ ఊరికి వచ్చి నలభై రెండేళ్లు గడిచాయి. నిరుడు మోకాలికి శస్త్రచికిత్స అయినప్పటి నుంచి ఆమె మార్కెట్టుకూ గుడికీ తప్ప బయటికి వెళ్లడం మానేసిందని విని, అయిదు రోజులు ఆమెతో గడపాలని ఫాల్గుణ మాసంలో బయలుదేరాను. రైలు ధర్మవరం, పెనుకొండ, హిందూపురం దాటి, గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా యలహంక చేరేలోపల కిటికీ బయట చెట్లు మారిపోతూ ఉండడం నాకు ఇష్టమైన దృశ్యం. పెనుకొండ గుట్టల దగ్గర తుమ్మ, సీతాఫలం. హిందూపురం దాటాక చింత, కానుగ. ఆ తర్వాత బారులు తీరిన నీలగిరి తోపులు. కానుగలు అప్పుడే పాత ఆకు రాల్చి కొత్త ఆకు తొడుగుతున్నాయి. నూనె రాసినట్టు మెరిసే ఆ లేత ఆకుపచ్చను చూస్తే ఉగాది దగ్గరపడిందని క్యాలెండరు చూడకుండానే చెప్పవచ్చు.

సాయంత్రం బ్యూగుల్ రాక్ దాకా వెళ్దామని అక్కను అడిగాను. "నాలుగడుగులు వేస్తే మోకాలు పట్టేస్తుంది. నువ్వు పోయిరా పో," అన్నది. "నడవడానికి కాదక్కా, కూర్చోవడానికి పోదాం రా," అని ఆటో పిలిచాను. కన్నడిగులు కహళె బండె అని పిలిచే ఈ రాతిగుట్ట ఊరి మధ్యలో ఉన్నట్టుండి నేలలోంచి లేచి నిలబడుతుంది. ఒక పక్కన బసవన్న గుడి. కార్తీక మాసం చివరి సోమవారం ఈ వీధుల్లోనే వేరుశనక్కాయల పరిష జరుగుతుంది. వేరుశనగ పండించే జిల్లావాళ్లం కాబట్టి ఆ జాతరకు మా వైపు నుంచి వచ్చేవారు ఎప్పుడూ ఉంటారు. పార్కులో కన్నడ సాహితీవేత్త డి.వి. గుండప్ప విగ్రహం ఉంది. ఆ పక్కన వృద్ధులు గుంపులుగా కూర్చుని కన్నడంలోనూ తెలుగులోనూ మాట్లాడుకుంటున్నారు.

అక్క కూర్చున్న మొదటి బెంచీ దగ్గరే నాకు ఒక సంగతి అర్థమైంది. అది వీపు ఆనించుకునే వీలు లేని రాతి పలక, నేలకు బాగా దగ్గరగా ఉంది. దాని మీద కూర్చోవడం ఆమెకు సులభమే అయినా, లేవడానికి పట్టుకునే ఆధారం లేక నా భుజం మీద పూర్తి బరువు వేయాల్సి వచ్చింది. ఇన్నేళ్లుగా తోటలు చూస్తున్నాను, చెట్ల వయసులు, ఆకుల అమరికలు రాసుకున్నాను కానీ, బెంచీకి చేతులు ఉన్నాయా లేవా అని ఏనాడూ గమనించలేదు. ఆ రాత్రి నా చెట్ల నోటుపుస్తకంలో మొదటిసారి బెంచీల గురించి రాసుకున్నాను.

రెండో రోజు, శుక్రవారం

తోటకు తెల్లవారకముందే చేరాలన్నది నా పాత నియమం. లాల్‌బాగ్ పడమటి గేటు దగ్గర ఆరు గంటలకు దిగేసరికి నడకకు వచ్చినవారు అప్పటికే వందల్లో ఉన్నారు. రోజుకు ఒక్క తోటకు మించి చూడకూడదనీ, లోపలికి వెళ్లిన మొదటి అరగంట ఫోను సంచీలోంచి తీయకూడదనీ, ఏదో ఒక చెట్టు కింద కనీసం అరగంట కదలకుండా కూర్చోవాలనీ, రాలినదాన్ని తప్ప కొమ్మ మీది పువ్వును ముట్టుకోకూడదనీ నేను పెట్టుకున్న పద్ధతులు. వీటిని ఎవరికీ బోధించను కానీ, నాతో వచ్చినవారు పాటించక తప్పదు.

ఈ తోటకు 1760లో హైదర్ అలీ పునాది వేశాడు. మా మడకశిరకు పొరుగునే ఉన్న శిరాలోని మొగలుల కాలపు తోటను చూసి ముచ్చటపడి అలాంటిదే ఇక్కడ వేయించాడని చెబుతారు. ఆ మాట విన్నప్పుడల్లా, ఇంత పేరున్న తోట మొలక మా మెట్టసీమ అంచున ఉన్నదన్న సంతోషం నాకు కలుగుతుంది. టిప్పు సుల్తాను దేశదేశాల నుంచి మొక్కలు తెప్పించి తోటను పెంచాడు. 1856లో ఇది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానమైంది. ఇప్పుడు దీని విస్తీర్ణం 240 ఎకరాలు. లండన్ దగ్గరి క్యూ తోటల్లో శిక్షణ పొందినవారు ఒకరి తర్వాత ఒకరు దీని బాధ్యత చూశారు. వారిలో జాన్ కామెరాన్‌ను మన తెలుగు వంటిళ్లు గుర్తుంచుకోవాలి. మనం బెంగళూరు వంకాయ అని పిలిచే కూరగాయను ఈ ఊరికి పరిచయం చేసినవాడు ఆయనే. ఎక్కడో మెక్సికో వైపు పుట్టిన ఆ తీగ ఇక్కడి నేలలో పాకి, మా అనంతపురం సంతకు బెంగళూరు పేరుతో వచ్చింది. మా అమ్మ దాన్ని పెసరపప్పు వేసి కూటు చేసేది. ఒక తోట పని పువ్వులు చూపించడంతో అయిపోదని, అది జనం కంచంలోకి కూడా వస్తుందని పిల్లలకు చెప్పడానికి నేను తరగతిలో ఎప్పుడూ ఈ ఉదాహరణే చెప్పేదాన్ని.

గ్లాస్‌హౌస్‌కు 1889 నవంబరు 30న ఆల్బర్ట్ విక్టర్ యువరాజు శంకుస్థాపన చేశాడు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ దానికి నమూనా. ఏటా గణతంత్ర దినానికీ స్వాతంత్ర్య దినానికీ ఇక్కడే ఫలపుష్ప ప్రదర్శన జరుగుతుంది. ఆ రోజుల్లో నేను రాను. లక్షల పువ్వులు కోసి ఒక కట్టడం ఆకారంలోనో విగ్రహం ఆకారంలోనో గుచ్చి నిలబెట్టినప్పుడు చూసే జనానికి ఆనందం కలుగుతుందని తెలుసు, ఆ పని చేసే తోటమాలుల నేర్పు మీద గౌరవం కూడా ఉంది. అయినా వేరు మీద నిలబడిన ఒక్క బంతిమొక్క దగ్గర కూర్చుంటే తేనెటీగ ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపు ఉన్నదో తెలుస్తుంది, ప్రదర్శన వరుసలో అది తెలియదు. మా అక్క మాత్రం పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఏటా వారిని ఆ ప్రదర్శనకు తీసుకువచ్చి, ఒక్కో మొక్క కుండీ కొనుక్కుని వెళ్లేదట. ఆ కుండీల్లోని మందారమే ఇప్పటికీ వాళ్ల మిద్దె మీద పూస్తోంది. కాబట్టి ఈ విషయంలో ఆమె మాటకు ఎదురు చెప్పలేకపోయాను.

రెండు వందల ఏళ్లు దాటిందని చెప్పే తెల్లబూరుగు దగ్గరికి అక్కను మెల్లగా నడిపించుకుని వెళ్లాను. దూరం నుంచి చూస్తే అది చెట్టులా కనిపించినా, దగ్గరికి వెళ్లేకొద్దీ గోడలా మారుతుంది. కాండం అడుగున పలకల్లాంటి వేళ్లు నిలువెత్తు లేచి, పాత ఇళ్లలో గదికీ గదికీ మధ్య ఉండే అడ్డుగోడల్లా నాలుగు వైపులా విస్తరించి, మెలికలు తిరుగుతూ నేలలోకి దిగిపోతాయి. ఒక పలకకూ ఇంకో పలకకూ మధ్య ఒక మనిషి దాక్కునేంత మూల ఉంది. ఆ మూలలో ఎండుటాకులు, తడి మట్టి, చీమల బారు. బెరడు బూడిదరంగులో ఉన్నా, చెమ్మ తగిలే ఉత్తరపు వైపు ఆకుపచ్చ పాచి పట్టి, వేలితో తాకితే వెల్వెట్ గుడ్డలా ఉంది. ఇంత ఎత్తు చెట్టు పడిపోకుండా నిలబడడానికి లోతైన తల్లివేరు అక్కర్లేదని, ఈ పలకవేళ్లే గాలి తోపుడును నేలకు పంచుతాయని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన పాఠం ఇది. ఎన్నిసార్లు చెప్పినా, ఆ మూల ముందు నిలబడితే పాఠం కొత్తగానే ఉంటుంది. అలాంటి చోట పేర్లు చెక్కినవారి చేతులు ఎలా ఆడాయో నాకు అర్థం కాదు. బెరడు వెనక ఉన్న పలుచని పొరలోంచే ఆకుల్లో తయారైన ఆహారం కిందికి దిగుతుంది. కత్తి గాటు పడితే అక్కడ ఆ దారి తెగిపోతుంది.

తిరువక్కరై నుంచి తెచ్చిపెట్టిన శిలాజ వృక్షాన్ని అక్క చేయి వేసి చూసింది. రాయిగా మారినా కట్టె ఈనెలు కనిపిస్తున్న ఆ దుంగ వయసు రెండు కోట్ల ఏళ్లని చెబితే నమ్మలేనట్టు చూసింది. అక్కడి నుంచి బెంచీ వెతకడం మా పనైంది. చెరువు గట్టు వైపు వీపు ఆనించుకునే, చేతులున్న బెంచీ ఒకటి దొరికింది. దాని మీద నలభై నిమిషాలు కూర్చున్నాం. పక్కన మొదలుపెట్టిన నవ్వుల క్లబ్బు వారి కేకలు నాకు ఇబ్బంది అనిపించలేదు. మనుషులు నవ్వుకోవడానికి తోటను ఎంచుకోవడం మంచిదే. నాకు ఇబ్బంది కలిగించేది స్పీకరులో పెట్టుకుని పాటలు వింటూ నడిచేవారు. గొరవంకల అరుపు, ఎండుటాకు మీద ఉడుత పరుగు, చీపురు శబ్దం వినిపించే వేళ అది. ఒక్క ఫోను పాట వంద అడుగుల మేర వాటన్నిటినీ కప్పేస్తుంది.

చెట్లకు పేర్ల పలకలు పెట్టడంలో ఈ తోటను మించింది నేను చూడలేదు. శాస్త్రీయనామం, కుటుంబం, పుట్టిన దేశం రాసి ఉంటాయి. కొన్ని పలకలు మాసి, కొన్ని కాండం లావెక్కి మేకులతో సహా బెరడులోకి కూరుకుపోయి ఉన్నాయి. మేకు కొట్టకుండా తీగతోనో, నేలలో పాతిన కడ్డీకో పెడితే పలకా నిలుస్తుంది, చెట్టూ నిలుస్తుంది. మనవాళ్లు నిలువుగా పెరిగే నరమామిడిని అశోకమని పిలుస్తూ, ఎర్రగా పూసే అసలు అశోకాన్ని గుర్తుపట్టకుండా వెళ్లిపోవడం ఇక్కడ కూడా చూశాను. అక్కకు రెండింటి ఆకులూ రాలినవి ఏరి పక్కపక్కన పెట్టి చూపించాను. నరమామిడి ఆకు అంచు అలలా మెలికలు తిరిగి ఉంటుంది, అశోకం ఆకు అంచు నునుపుగా ఉంటుంది. "ఇన్నాళ్లూ మా వీధి చివర ఉన్నది అశోకమని అందరికీ చెప్పానే," అన్నది.

సాయంత్రం అక్కను ఇంట్లో దింపి నేనొక్కదాన్నే మళ్లీ వచ్చాను. ఒకే తోటను రెండు వేళల్లో చూస్తే తప్ప చూసినట్టు కాదన్నది నా అభిప్రాయం. ఈసారి కెంపేగౌడ బురుజు ఉన్న బండ ఎక్కాను. 300 కోట్ల ఏళ్ల నాటిదని చెప్పే ఈ నీస్ శిలను భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ స్మారకంగా ప్రకటించింది. నిన్న చూసిన బ్యూగుల్ రాక్ కూడా ఈ జాతి రాయే. వంగి చూస్తే బండ మీద తెల్లని చారలూ నల్లని చారలూ పక్కపక్కన, పిండిలో బెల్లం పాకం సరిగా కలవనట్టు, అలలు అలలుగా సాగిపోతాయి. తెలుపు పలుగురాతి పలుకు, నలుపులో అభ్రకం మెరుపు. పగలంతా ఎండను తాగిన రాయి చెప్పులు విప్పి నిలబడితే అరికాళ్లకు వెచ్చగా తగిలింది. చుట్టూ భవనాలు పెరిగినా, బండ పగుళ్లలో రెండు వేళ్ల మందం మట్టిలో గడ్డి మొలిచి ఉంది. చీకటి పడుతుండగా తోటవారి ఈలలు విని దిగాను.

మూడో రోజు, శనివారం

నేషనల్ కాలేజీ దగ్గర మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో మారి కబ్బన్ పార్కు దగ్గర దిగాం. మెట్రోలో లిఫ్టు ఉండడం వల్ల అక్క ఇబ్బంది పడకుండా వచ్చింది. లాల్‌బాగ్‌కు టికెట్టు, గోడ ఉన్నాయి. కబ్బన్ పార్కు మాత్రం ఊరిలో ఊరిలా తెరుచుకుని ఉంటుంది. నాకు ఈ స్వభావమే ఎక్కువ ఇష్టం. 1870లో ఇంజనీరు రిచర్డ్ సాంకీ దీన్ని వంద ఎకరాల్లో రూపొందించాడు. అప్పుడు కమిషనరు మీడ్ పేరుతో ఉండి, తర్వాత కబ్బన్ పేరుకు మారి, 1927లో శ్రీ చామరాజేంద్ర పార్కు అయింది. కాగితం మీది పేరు ఏదైనా జనం నోట కబ్బన్ పార్కే. ఇప్పుడు మూడు వందల ఎకరాలు. లాల్‌బాగ్‌నూ దీన్నీ కాపాడడానికి 1975లో చట్టమే చేశారు. ఒక రాష్ట్రం తన తోటల కోసం చట్టం తెచ్చిందంటే అంతకుముందే వాటిని అంచుల నుంచి తినడం మొదలైందని అర్థం చేసుకోవాలి.

హైకోర్టు ఉన్న ఎర్రని భవనాన్ని అఠారా కచేరీ అంటారు, ఒకప్పుడు పద్దెనిమిది కార్యాలయాలు అక్కడ ఉండేవి. అది కూడా సాంకీ రూపొందించిందే. ఇంకో వైపు శేషాద్రి అయ్యర్ స్మారక గ్రంథాలయం, అది కూడా ఎరుపే. ఈ రెండు ఎరుపుల మధ్య టబెబూయా చెట్లు గులాబి రంగులో పూచి ఉన్నాయి. చాలా చెట్లకు ఒక్క ఆకు లేదు, పువ్వులే. దారి మీద రాలినవాటిలో ఒకటి ఏరుకున్నాను. చిన్న బాకాలా సన్నగా మొదలై, చివర అయిదు రేకులుగా విప్పుకుని, ఇస్త్రీ చేయని పట్టుగుడ్డలా ముడతలు పడి ఉంది. గొంతు లోపల పసుపు రంగు, దాని మీద సన్నని గీతలు, అవి తేనెటీగకు దారి చూపే గుర్తులు. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు. సంచీలో జాగ్రత్తగా పెట్టినా మధ్యాహ్నానికల్లా అంచులు గోధుమరంగుకు తిరిగాయి.

బెంగళూరులో ఏ నెల చూసినా ఏదో ఒక చెట్టు పూస్తూ ఉండడం వెనక గుస్తావ్ క్రుంబీగల్ ఆలోచన ఉంది. 1865లో జర్మనీలో పుట్టి, క్యూలో పనిచేసి, బరోడా మీదుగా 1908లో మైసూరు సంస్థానానికి వచ్చి, 1956లో ఈ ఊరిలోనే కన్నుమూసిన ఆయన, ఒకటి రాల్చే వేళకు ఇంకొకటి పూసేలా వీధుల వెంట చెట్లను ఎంపిక చేయించాడు. గులాబి టబెబూయా ముగిసేసరికి పసుపు టబెబూయా, తర్వాత ఊదారంగు జకరండా, ఏప్రిల్, మే నెలల్లో తురాయి. మనవాళ్లు పంచాంగం పుస్తకంలో రాసుకుంటే ఆయన వీధిలో రాశాడు. ఆయన మీద నాకు ఎంత గౌరవం ఉన్నా ఒక్క విషయంలో మాత్రం మనసు ఒప్పుకోదు. ఈ పూల చెట్లలో చాలా భాగం అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మా గుట్టల్లో ఇదే ఫాల్గుణంలో ఆకు లేకుండా నిప్పులా పూసే మోదుగ, బారిజం, ఎర్రబూరుగు ఈ వీధుల్లో ఇంకా ఎక్కువ ఉండాలని నా కోరిక. బూరుగు పూసినప్పుడు కాకి నుంచి తేనెపిట్ట దాకా అన్నీ దాని మీదే ఉంటాయి. అయితే పార్కులో అందరూ కూర్చున్నది నిద్రగన్నేరు కింద, అది కూడా దక్షిణ అమెరికా చెట్టే. వాదన అక్కడ ఆగిపోయింది, అక్కతో పాటు నేనూ ఆ నీడలోనే కూర్చున్నాను.

శనివారాలు ఈ పార్కులో కొందరు చాపలు పరుచుకుని, మాట లేకుండా ఎవరి పుస్తకం వారు చదువుకుంటారు. 2023లో మొదలైన ఈ అలవాటు తర్వాత ఎన్నో ఊళ్లకు పాకింది. పేర్లు నమోదు చేసుకోవడం, రుసుము కట్టడం ఏదీ లేదు. మా పక్కనే ఇరవై ఏళ్ల అమ్మాయి బోర్లా పడుకుని తెలుగు కథల పుస్తకం చదువుతోంది. అట్ట మీది అక్షరాలు చూసి అక్క ఆగలేక, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. ఆ అమ్మాయి వేలు పుటలో పెట్టి, "నెల్లూరండి, ఇక్కడ మారతహళ్లిలో ఉంటాను," అని గొంతు తగ్గించి చెప్పి, మళ్లీ చదువులో పడింది. ఈ ఊరిలో తెలుగువారు లేని చోటు లేదని తెలిసినా, చెట్టు కింద తెలుగు పుస్తకం చూడడం నాకు ఎంతో తృప్తినిచ్చింది. మేము సాయంత్రం దాకా ఉన్నాం. ఆరు గంటల వేళ నిద్రగన్నేరు ఆకులు జతలు జతలుగా ముడుచుకోవడం మొదలుపెట్టాయి. మధ్యాహ్నం చిక్కగా ఉన్న నీడలో ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపించసాగింది. మన పూర్వులు ఆ చెట్టుకు నిద్ర అన్న మాట చేర్చిన కారణం అక్క తన కళ్లతో చూసింది.

నాలుగో రోజు, ఆదివారం

ఈ రోజు గురించి తక్కువే రాస్తాను. ఆదివారం మెట్రో మిగతా రోజుల కన్నా ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి దూరం వెళ్లలేదు. ఉదయం బసవనగుడిలోని కృష్ణారావు పార్కులో గంటసేపు కూర్చుని, మధ్యాహ్నం దక్షిణాన ఒక కాలనీలో ఉన్న మా పెదనాన్న కూతురి ఇంటికి భోజనానికి వెళ్లాం. తిరుగు ప్రయాణంలో ఆటో దొరకడం ఆలస్యమై, అక్కకు కాలు లాగుతోందంటే ఎదురుగా ఉన్న చిన్న పార్కులో కూర్చోబెడదామని వెళ్లాను. గేటుకు తాళం వేసి ఉంది. లోపల నాలుగు కానుగలు, ఒక పొగడ, వాటి కింద రంగు వేసిన మంచి బెంచీలు, చేతులతో సహా. కావలివాడు పక్కనే ఉన్నాడు. "నాలుగు గంటలకు తీస్తామమ్మా," అన్నాడు. అప్పుడు ఒకటిన్నర. మోకాలు ఆపరేషన్ అయిన మనిషి, పది నిమిషాలు కూర్చుంటుందని బతిమాలాను. తనకు ఇచ్చిన ఆజ్ఞ అలా ఉందని, తెరిస్తే తన ఉద్యోగానికి ముప్పని చెప్పాడు. అతని ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. చివరికి తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గేటు బయట, గోడ నీడ పడే చోట వేశాడు. అక్క ఆ కుర్చీలో కూర్చుంది, నేను కాలిబాట అంచున కూర్చున్నాను. మాతో పాటు అక్కడ మూటలు దించుకున్న ఇద్దరు పారిశుద్ధ్య కార్మికురాళ్లు, భోజనం డబ్బా ఒళ్లో పెట్టుకుని తింటున్న డెలివరీ కుర్రవాడు ఉన్నారు. ఊచల అవతల నీడ ఖాళీగా ఉంది.

తెల్లవారితే నడవడానికి వచ్చేవారికి ఇళ్లున్నాయి, ఆ ఇళ్లలో ఫ్యాన్లున్నాయి. మిట్టమధ్యాహ్నం నీడ కావాల్సింది వీధిలో పనిచేసేవారికి, బస్సు తప్పిపోయినవారికి, మా అక్కలాంటివారికి. పార్కు పాడైపోతుందనీ, ఎవరెవరో చేరతారనీ చెప్పే కారణాలు నేనూ విన్నాను. గడ్డి మీద మనిషి పడుకుంటే గడ్డి చావదు. అది చచ్చేది నీళ్లు పోయనప్పుడు. ఈ సంగతి నేను కోపంతోనే రాస్తున్నాను, రెండు రోజుల తర్వాత తిరగరాస్తున్నప్పుడు కూడా ఆ కోపం తగ్గలేదు.

అయిదో రోజు, సోమవారం

రైలు మధ్యాహ్నం యశ్వంతపురంలో. అంతకుముందు సాంకీ చెరువు చూడాలని మల్లేశ్వరం వైపు బయలుదేరాం. కబ్బన్ పార్కును గీసిన చేయే 1882లో ఈ చెరువునూ కట్టించింది. దగ్గరలో ప్రభుత్వ గంధపు కోఠీ ఉండడం వల్ల దీనికి గంధదకోఠి కెరె అనే పేరు కూడా ఉంది. దాదాపు 37 ఎకరాల నీరు, చుట్టూ చెట్లు, నడకదారి. తోటలో చెట్టు మధ్యలో ఉంటుంది, మనం చుట్టూ తిరుగుతాం. ఇక్కడ నీరు మధ్యలో ఉంది, చెట్లే మనతో పాటు అంచున నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. నీటి మీద వంగిన కొమ్మల్లో కొక్కిరాయి ఒకటి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. నీటికాకులు మునిగినచోట కాక మరో పది బారల అవతల తేలుతున్నాయి. అక్క వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి, పదకొండు దాకా వచ్చి లెక్క తప్పింది.

ఈ పక్కనే వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది. నలభై ఏళ్ల కిందట పెళ్లయిన కొత్తలో అక్క, బావ అక్కడ నాటకాలు చూసి, నడిచి ఈ గట్టు మీదికి వచ్చి కూర్చునేవారట. బావ పోయి ఆరేళ్లయింది. ఆమె ఆ మాట చెప్పి, గట్టు వెంట కొంత దూరం తనంతట తానే నడిచి, ఒక బెంచీ దగ్గర ఆగి, దాని చేతుల మీద అరచేతులు ఆనించి మెల్లగా కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఆమెను ఏమీ అడగలేదు. ఇంటి నుంచి తెచ్చిన ఉగ్గాని డబ్బా తెరిచి ఆమె చేతికి ఇచ్చాను.

రైలులో నోటుపుస్తకం తీసి రాసుకున్నాను: లాల్‌బాగ్ చెరువు వైపు, చేతులున్న బెంచీ ఒకటి. కబ్బన్ పార్కు గ్రంథాలయం దగ్గర నిద్రగన్నేరు కింద మూడు, రెండింటికి వీపు ఉంది. సాంకీ గట్టు మీద రెండు, ఉదయం తొమ్మిది దాకా నీడ. బ్యూగుల్ రాక్, రాతి పలకలు, అక్కకు పనికిరావు. గౌరిబిదనూరు దాటేటప్పుడు ఫోను మోగింది. అక్క. రేపు పక్కింటావిడను తోడు తీసుకుని లాల్‌బాగ్ వెళ్తానని, ఆ బెంచీకి ఏ గేటు దగ్గరో మరొక్కసారి చెప్పమని అడిగింది.